చలిమల వడ్లు

పొగమంచు ఇంకా చరియల్ని వదల్లేదు. చలిమల దారిలో ఇద్దరు ఉప్పు బేహారులు గాడిదను తోలుకుంటూ ఎక్కుతున్నారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఇద్దరి భుజాల మీదా మాసిన గొంగళ్ళు, తలలకు చింకి పాగాలు, మొహం నిండా ఉప్పు దుమ్ము. వాళ్ళు బేహారులు కారన్న సంగతి ఆ చుట్టుపక్కల ఒక్క గాడిదకే తెలుసు. బస్తాలు కట్టడం చేతకాక ఇద్దరూ కలిసి దాని వీపు ఒరుసుకుపోయేలా చేశారు మరి!

పొడుగువాడు జయకేతుడు. సింధూరపురి సింహాసనం ఎక్కవలసిన రాజకుమారుడు. పొట్టివాడు బొప్పడు. చలిమల మీద రాతిగోడ కట్టాలంటే వాడే కట్టాలి.

"నడువు బావా, నడువు! నీకంటే ఈ గాడిద నయం. ఏం తిని పెరిగావో గానీ ఒంట్లో కాస్తంత చురుకు లేదు" అని గొంతెత్తి కేకలేశాడు బొప్పడు.

"మెల్లిగా మాట్లాడు బొప్పా. పైన కావలివాళ్ళు వింటారు."

"వినాలనేగా నా తాపత్రయం! తిట్టుకోకుండా కొండెక్కే బేహారుల్ని ఎక్కడైనా చూశావా?"

వేషం వేసిన క్షణం నుంచీ వాడి సంబరానికి పట్టపగ్గాలు లేవు. రాజకుమారుణ్ణి బావా అని పిలిచి నోటికొచ్చినట్టు తిట్టే అవకాశం ఈ జన్మలో మళ్ళీ వస్తుందా? జయకేతుడు కళ్ళెర్రజేశాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ పూట అతనికి ధైర్యమిచ్చింది ఆ తిట్లే. ఎందుకంటే వాళ్ళు పోతున్నది సొంత ఊరికి. సొంత ఊళ్ళోకి దొంగల్లా పోతున్నారు, తమ సొత్తు తామే దొంగిలించడానికి!

ఆ సొత్తు మణులూ కాదు, మాణిక్యాలూ కాదు. ముప్పవ్వ పశువుల కొట్టంలో గాటిపట్టె కింద ఒక పాతర. పాతరలో కుండ. కుండలో విత్తనం వడ్లు. అంతే.

అంతేనా అంటే, ఆ వడ్ల వెనక పెద్ద కథే ఉంది. పుష్కరకాలం కిందట ధూమకంఠుడనే మాంత్రికుడు పాలవాహిని నదిని మంత్రించి సింధూరపురి మీదికి మళ్ళించాడు. మేడలూ మిద్దెలూ, పైరుపచ్చలూ ఒక్క పగటిలో నీళ్ళపాలయ్యాయి. ప్రాణాలు మిగిలినవాళ్ళను వెంటబెట్టుకుని, మీసం కూడా సరిగా రాని జయకేతుడు చలిమల ఎక్కాడు. "ఒక్క ఏడాది ఓపిక పట్టండి. వచ్చే కోతలకు మన ఊళ్ళో ఉంటాం" అని మాటిచ్చాడు. ఆ మాటే కొంప ముంచింది. తిరిగి పోయేవాళ్ళకు గోడలెందుకని వాలు మీదే దున్నించాడు. పల్లంలో దున్నినట్టే, పల్లపు నాగళ్ళతో, పై నుంచి కిందికి సాళ్ళు. తొలివానకే మట్టంతా కరిగి లోయలోకి జారిపోయింది. రెండో ఏడూ అంతే. ఆకలికి తాళలేక ఆ రెండేళ్ళలో కన్నుమూసిన పసిపిల్లల మొహాలు జయకేతుడికి ఇప్పటికీ గుర్తే. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

అప్పుడు ముప్పవ్వ దిగి వచ్చింది. ఆమె ఆ కొండలోనే పుట్టి, సామలూ కొర్రలూ చల్లుకుని బతికే ముసలిది. నడుం మీద చేతులు పెట్టుకుని అందరినీ కలియజూసి, "మీ కాళ్ళు ఇక్కడున్నాయి, కళ్ళేమో కింద ఉన్నాయి. ఉండేవాళ్ళయితే రాళ్ళు మోయండి. పోయేవాళ్ళయితే ఇవాళే పోండి. మధ్యలో నా కొండను పాడు చెయ్యకండి" అంది.

ఆ రోజు నుంచీ చలిమలకు ఒక కట్టుబాటు. ఏ పని మీద కిందికి దిగినవాడైనా సరే, ఎక్కేటప్పుడు ఒక రాయి మోసుకురావాలి. ఉత్తచేతులతో వచ్చినవాడికి ఆ పూట గంజి లేదు. రాజుకూ లేదు, రాణికీ లేదు. ఆ రాళ్ళతోనే గోడలు లేచాయి. గోడల వెనక అడవి మట్టి బుట్టలతో పోశారు. బుట్టలు అల్లడం ఇంకా రాని రోజుల్లో జయకేతుడి తల్లి కుముదినీదేవి తన పట్టుశాలువాలో మట్టి మోసింది. ఆమె పోసిన మడి అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పైది. దాన్ని అందరూ రాణమ్మ మడి అనేవారు.

పల్లం నుంచి తెచ్చిన వడ్లు ఏటేటా మంచుకు తెల్లబోయి తాలయ్యేవి. ఒక ఏడు రాణమ్మ మడిలో ఒకే ఒక్క దుబ్బు నిలిచింది. మూతి నల్లగా ఉన్న గింజలు. కుముదినీదేవి వాటిని కొంగున ముడేసుకుంది. మరుసటి ఏడు గుప్పెడయ్యాయి, ఆపైన చాటెడు. ఆమె పోయే నాటికి కొండంతా ఆ వడ్లే. మంచును తట్టుకునే వడ్లు లోకంలో ఇంకెక్కడా లేవు.

ఇదిగో, సరిగ్గా విత్తే ముందు ధూమకంఠుడి దండు మంచులో చప్పుడు కాకుండా వచ్చి పడింది. సింధూరపురి వంశంలో ఒక్క ప్రాణి మిగిలి ఉన్నా పాలవాహిని వాడి మాట పూర్తిగా వినదు. అందుకే జయకేతుడి తల కోసం వచ్చాడు. జనం వెనక లోయ మీది తీగవంతెన దాటి గుహల్లో దాక్కున్నారు. అవతలి గద్దమల మీద మళ్ళీ మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నారు. కానీ విత్తనం ఇక్కడే ఉండిపోయింది. మృగశిర వచ్చేసింది, మబ్బులు దిగుతున్నాయి. విత్తనం చేతికి రాకపోతే ఆ జనానికి మిగిలింది ఒకటే దారి. మెడలో బానిస కడియం వేసుకున్నవాడికే కూడు పెడతానని ధూమకంఠుడు ఎప్పుడో చాటింపు వేయించాడు.

గుండ్లమలుపు వచ్చింది. దారి పక్కన రాళ్ళ కుప్ప. పైకి పోయేవాళ్ళు రాయి ఎత్తుకునే చోటు అదే. బొప్పడు గాడిద తోక పట్టుకుని ముందు పోతున్నాడు. జయకేతుడు పాతర గురించీ, కుండ గురించీ, మబ్బుల గురించీ ఆలోచిస్తూ వంగాడు, ఒక రాయి తీసి భుజాన పెట్టుకున్నాడు, నడిచాడు. ఏం చేశాడో అతనికే తెలియదు. పుష్కరకాలం ఆ మలుపులో వంగిన నడుం అది. దానంతటదే వంగింది.

కొండవాకిట్లో కావలివాళ్ళు అడ్డొచ్చారు. "ఎవర్రా మీరు?"

"ఉప్పు, దొరా! సముద్రపు ఉప్పు. మీ దండు చప్పిడి కూడు తింటోందని విని, మా బావ ప్రాణం కొట్టుకుపోయింది. మోకాళ్ళు నొప్పంటాడు, అయినా రానంటే ఒట్టు" అన్నాడు బొప్పడు.

కావలివాడు బస్తాలో వేలుపెట్టి నాకి, మొహం చిట్లించి, "పోండి. వంటశాల పైన ఉంది" అన్నాడు. బేహారి భుజాన ఉన్న రాయి వంక వాడు చూడనైనా లేదు. పల్లపువాళ్ళకు రాయి రాయే కదా.

లోపలికి అడుగు పెట్టగానే బొప్పడి నోరు పడిపోయింది. మెట్టు మీద మెట్టుగా, మబ్బు మీద మబ్బు పేర్చినట్టు కొండ నడుం చుట్టూ తిరిగే ఆ మడులన్నీ గుర్రాల డెక్కల కింద నలిగిపోయాయి. గోడల్లో రాళ్ళు ఊడబెరికి పొయ్యిలు పెట్టుకున్నారు. ఎక్కడ చూసినా గోడలో గుంటలు.

"నా కొడుకులు! అడుగు వరస రాయి లాగారు చూడు బావా, పొయ్యికి! పొయ్యికి అడుగు రాయి కావలసివచ్చిందా?" అని పళ్ళు నూరాడు. కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి గానీ గొంగడితో మొహం తుడుచుకుని గాడిదను అదిలించాడు.

ముప్పవ్వ కొట్టంలో ఎవరూ లేరు. గాటిపట్టె పక్కకు దొర్లించి, మట్టి తోడి, పాతర మూత తీశారు. కుండ భద్రంగా ఉంది. జయకేతుడు చెయ్యి పెట్టాడు. గింజలు చల్లగా తగిలాయి, ఏట్లో చెయ్యి పెట్టినట్టు. ఉప్పు సోకితే విత్తనం చస్తుందని ముందే అనుకుని మేకతోలు తిత్తి ఒకటి గొంగడి కింద దాచి తెచ్చారు. వడ్లు అందులో పోసి, మూతి బిగించి, జయకేతుడు వీపుకు కట్టుకున్నాడు.

"ఇక వంతెనకు పోదాం పద" అన్నాడు బొప్పడు. "తిన్నగా పో. దిక్కులు చూడకు."

వంతెనకు పోవాలంటే పైమడుల మీదుగానే పోవాలి. రాణమ్మ మడి గట్టు దగ్గర జయకేతుడి కాళ్ళు ఆగిపోయాయి. తల్లి మడి గోడలో కూడా ఒక గుంట ఉంది. దాంట్లోంచి మట్టి సన్నగా రాలుతోంది. ఒక్క వాన పడితే ఆ పక్కంతా జారిపోతుంది. అతను భుజాన ఉన్న రాయి దించాడు. తిప్పి చూసి, మొన లోపలికి పెట్టి గుంటలో దూర్చాడు. చిన్న చెక్క ఒకటి ఏరి సందులో కొట్టాడు. అరచేత్తో తట్టి చూశాడు. కదల్లేదు. అప్పుడు గానీ తన చేతుల వంక తను చూసుకోలేదు.

"ఆహా! ఉప్పమ్ముకునేవాడికి గోడ కట్టడం ఎంత బాగా వచ్చు!"

ఆ గొంతు వినగానే ఇద్దరూ గిరుక్కున తిరిగారు. కింది మడిలో నల్లని పల్లకి. నల్లపట్టు తెరలు, గద్ద ఈకల కుచ్చులు, ఎముకల గజ్జెలు. తెర పక్కకు తప్పుకుంది. లోపల బూడిద రంగు మొహం, నిప్పుకణికల్లాంటి కళ్ళు. మాట్లాడినప్పుడల్లా గొంతులోంచి పొగ తెరలు తెరలుగా వస్తోంది.

ఈ ధూమకంఠుడికి ఒక విచిత్రమైన శాపం ఉంది, అది కొండ జనమందరికీ తెలిసిందే. పొగగా మారి ఏ వస్తువులోనైనా దూరగలడు గానీ, కొత్త నేల మీదికి తన కాలితో తాను పోలేడు. ఎవరైనా మోసుకుపోవాలి. మోసినవాడు దించేదాకా అందులోంచి బయటికి రాలేడు. చలిమల మీద గట్టు గట్టుకూ కొత్త నేలే కాబట్టి, పల్లకి మోసే బోయీలకు ఆ పక్షమంతా ఊపిరి తిరగలేదు, పాపం.

"ఈ కొండ ఎక్కేవాళ్ళు ఉత్తచేతులతో ఎక్కరట కదా? పట్టుబడిన ముసలాడొకడు చెప్పాడు. నేను నమ్మలేదు" అన్నాడు ధూమకంఠుడు నవ్వుతూ. "ఎంత మంచి జనమయ్యా జయకేతూ! ఏదో ఒకటి మోయకుండా మీకు తోచదు. ఆ వీపు మీదిదేమిటి, నిధా?"

జయకేతుడి చెయ్యి తిత్తి మీదికి పోయింది. ఆ చెయ్యి చూసి మాంత్రికుడికి సంగతి తెలిసిపోయింది.

"వడ్లా!" అని విరగబడి నవ్వాడు. "గుప్పెడు వడ్ల కోసం తల తెచ్చి ఇస్తున్నాడర్రా! పట్టుకోండి!"

ఈటెలు లేచాయి. బొప్పడు గాడిద వీపు మీద చరిచాడు. అది బెదిరి వెనక కాళ్ళతో ఎగదన్నింది. బస్తా చిరిగి ఉప్పు గుప్పున లేచింది. ముందున్న భటులు కళ్ళు పట్టుకుని కేకలు పెట్టారు. "పరిగెత్తు బావా!" అంటూ బొప్పడు చెయ్యి పట్టి లాగాడు. బాణం ఒకటి జయకేతుడి పాగా ఎగరగొట్టింది. ఇంకొకటి గొంగట్లో గుచ్చుకుని వేలాడింది. గట్టు ఎక్కి, ఇంకో గట్టు ఎక్కి, ఇద్దరూ తలమడుగు చేరారు.

తలమడుగంటే కొండ మీది ఊటనీరంతా చేరే చెరువు. అక్కడి నుంచే మడి మడికీ నీళ్ళు దిగుతాయి. ఒక పక్క పెద్ద బండ, బండకు ఆనుకుని బొప్పడు కట్టిన పెద్దగోడ. బండవతల తీగవంతెన. వంతెన మీద ఒక్కొక్కరే పోవాలి, మెల్లిగా పోవాలి. వెనక దండంతా చీమలబారులా మడులెక్కి వస్తోంది. సగం వంతెన దాటేలోగా తీగలు కోసేస్తారు. ఇద్దరికీ అది అర్థమైంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"బొప్పా" అన్నాడు జయకేతుడు. "తాళపురాయి."

బొప్పడు వినబడనట్టే నిలబడ్డాడు.

ఆ గోడకంతటికీ ఒక తాళపురాయి ఉంది. అది ఎక్కడుందో తెలిసింది బొప్పడికీ, జయకేతుడికీ మాత్రమే. అది లాగితే గోడ నిలవదు. గోడ పోతే మడుగు కదులుతుంది. మడుగు కదిలితే పై నుంచి కిందిదాకా ఒక్క మడి మిగలదు.

"మా అయ్య ఈ గోడ కిందే పోయాడు దొరా" అన్నాడు బొప్పడు. వేషం, వేళాకోళం రెండూ పోయాయి వాడి గొంతులో. "రాయి మోస్తూ మోస్తూ ఇక్కడే కూలబడ్డాడు. ఆయన్ని అడుగున పెట్టే కట్టాను."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా?"

"విత్తనం దాటకపోతే అవతల ఉన్నవాళ్ళందరి మెడలో కడియాలు పడతాయి. ఇంకో దారి ఉంటే చెప్పు బొప్పా. కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు."

బొప్పడు బండ మీదికి దిగి, గోడ కట్టిన నాటి నుంచీ అక్కడే పడి ఉన్న గునపం సందులో పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. జయకేతుడు తిత్తి విప్పి బండ మీద పెట్టి పక్కన చేరాడు. ఇద్దరూ కలిసి లాగారు. రాయి మొదట మొండికేసింది. బొప్పడు కట్టిన గోడ కదా, అంత తేలిగ్గా వస్తుందా! అప్పటికే పల్లకి మడుగు గట్టు ఎక్కుతోంది. "అదుగో, అదుగో!" అంటున్నాడు ధూమకంఠుడు. రాయి ఊడి వచ్చింది.

ముందు చిన్న నీటిధార. తరవాత గోడ కడుపులోంచి మూలుగులాంటి చప్పుడు. ఆ తరవాత ఏం చెప్పను? మడుగంతా లేచి నిలబడి నడిచినట్టయింది. మొదటి మడి రెండో మడి మీద పడింది. రెండూ కలిసి మూడో దాని మీద పడ్డాయి. రాయీ, మట్టీ, గుర్రాలూ, ఈటెలూ, పొయ్యిలూ కలిసి లోయలోకి పోయాయి. బోయీలు పల్లకి గట్టు మీదే పడేసి పారిపోబోయి, పడ్డచోటే కొట్టుకుపోయారు. పల్లకి తలకిందులుగా దొర్లిపోయింది.

ఒక పక్కగా ఉన్న రాణమ్మ మడి మాత్రం చివరిదాకా నిలిచింది. ఇంతకుముందు పెట్టిన రాయి ఆ గుంటలో అలాగే పట్టుకుని ఉంది. జయకేతుడు చూస్తూనే ఉన్నాడు. నిలుస్తుందేమో అనుకున్నాడు. చివరికి గోడ మొత్తం, ఆ రాయితో సహా, మెల్లిగా కూర్చున్నట్టు కూర్చుని, కనబడకుండా పోయింది. శాలువాలో మోసి పోసిన మట్టి. అమ్మ మట్టి. అతను బండ మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

ఆ క్షణంలో అతను ఒక్కసారి పల్లకి పడిన గట్టు వైపు చూసి ఉంటే ఎంత బాగుండేది! చూడలేదు. కళ్ళ నిండా ఆ మడే ఉంది. బొప్పడూ చూడలేదు. వాడు గోడ ఉండిన చోటు వంక చూస్తూ రాతిబొమ్మలా నిలబడ్డాడు.

కాసేపటికి జయకేతుడు లేచి తిత్తి వీపుకెత్తుకున్నాడు. మూతి కాస్త వదులైనట్టుంటే మళ్ళీ బిగించాడు. సన్నగా చినుకు మొదలైంది. తడిసిన ఒంటికి తిత్తి వెచ్చగా తగిలింది. ఇంత పోయినా ఇది మిగిలింది కదా అనుకున్నాడు, ఆ వెచ్చదనం అతనికి ఓదార్పుగానే తోచింది.

"పద బొప్పా."

"ప్రభువులవారు ముందు నడవాలి" అన్నాడు బొప్పడు.

ఆ ఒక్క మాటకు జయకేతుడి గుండె చెరువైంది. వంతెన దాటేదాకా, లోయ దిగేదాకా, గద్దమల పాదం చేరేదాకా బొప్పడు ఇంకో మాట మాట్లాడలేదు. ఒక్క తిట్టు తిట్టినా చాలుననుకున్నాడు జయకేతుడు. తిట్టలేదు.

గద్దమల ఎక్కేచోట రెండు బండలు వాకిలిలా నిలబడి ఉంటాయి. అక్కడే జనమంతా ఎదురుచూస్తున్నారు. ఆడా మగా, ముసలీ ముతకా. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రాయి. కొత్త కొండ కదా, మొదటి రోజు కదా! లోయ అవతలి చప్పుడు వాళ్ళకూ వినబడింది. చలిమల మీద మబ్బు విడిపోయి, చీరేసినట్టున్న ఎర్రటి కొండ వాళ్ళకూ కనబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకామె మాత్రం రాయి ఒళ్ళో పెట్టుకుని, "మా మడి కూడానా?" అని, జవాబు అక్కర్లేదన్నట్టు తల దించుకుంది.

ముప్పవ్వ ముందుకొచ్చింది. జయకేతుణ్ణి ఎగాదిగా చూసింది. "చేతిలో రాయేది నాయనా?"

"తేలేదవ్వా. నా చెయ్యి ఇక రాయి పట్టుకోలేదు. ఆ రాయే మనల్ని పట్టించింది. మీరంతా కట్టుకున్నది నేను కూల్చేశాను. విత్తనం మాత్రం తెచ్చాను." అని వెనక్కి తిరిగి తిత్తి చూపించాడు. "దించుకో అవ్వా."

ముప్పవ్వ తిత్తి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"దించకు!" అంది. "కదలకు నాయనా. అడుగు ముందుకు వెయ్యకు."

"ఏమైంది?"

"పాతరలో విత్తనం చల్లగా ఉంటుంది. వానలో తడిసిన తిత్తి ఇంకా చల్లగా ఉండాలి. ఇది జ్వరం వచ్చినదానిలా కాలుతోందేమిటి?"

ఏదో ఒకటి మోయకుండా మీకు తోచదు అన్న ధూమకంఠుడి మాట జయకేతుడి చెవిలో మోగింది. తానే మోసుకొచ్చాడు! తన వీపు మీద, తన తల్లి దాచిన విత్తనంలో, ఆ పాపిష్ఠివాణ్ణి కొత్త కొండ వాకిలిదాకా తానే మోసుకొచ్చాడు! ఇంకొక్క అడుగు వేసి ఉంటే లోపలే. నాలుగు రోజులాగి ఆ గింజను మడిలో చల్లి ఉంటే, ఊరంతా సరి.

"లోయలో పారేస్తాను" అన్నాడు జయకేతుడు.

"పారేస్తే దించినట్టే కదా, బయటికొస్తాడు. విత్తనమూ పోతుంది. నోరు మూసుకుని కూర్చో" అని గదమాయించింది ముప్పవ్వ. "బొప్పా, మూతి విప్పు. తిత్తి వాడి వీపు మీదే ఉండాలి. అందరూ రాళ్ళు కింద పెట్టి దోసిళ్ళు పట్టండి. చల్లని గింజలు చాటలో పొయ్యండి. వెచ్చగా ఏది తగిలినా కింద పడెయ్యకండి, కేకెయ్యండి."

జనం బండల నీడన, చినుకు పడకుండా, వరసగా కూర్చున్నారు. ముప్పవ్వ గుప్పెడు గుప్పెడు తీసి దోసిళ్ళలో పోసింది. వాళ్ళు గింజ గింజా వేళ్ళతో తడిమారు. వాకిలికి అవతల పెట్టిన చాటల్లో నల్లమూతి వడ్లు మెల్లిగా పోగవుతున్నాయి. ఎవరూ దగ్గలేదు, తుమ్మలేదు. జయకేతుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వీపు మీద బరువు తగ్గేకొద్దీ వేడి పెరుగుతోంది. అడుగున గుప్పెడు మిగిలేసరికి వీపు బొబ్బలెక్కింది. అతను పళ్ళ బిగువున భరించాడు.

చివరి గుప్పెడు ముప్పవ్వే తీసుకుంది. ఒక్కొక్క గింజా బొటనవేలితో పక్కకు నెట్టింది. ఒక్కటి మిగిలింది. ఆమె పిడికిలి మూసుకుంది.

"దొరికావురా" అంది. వేళ్ళ సందుల్లోంచి సన్నని పొగ వచ్చి, మళ్ళీ లోపలికే పోయింది. ఆమె మొహం కందిపోయింది గానీ పిడికిలి తెరవలేదు. వాకిలి బండకు చేరగిలబడి కూర్చుంది.

"నాకివ్వు అవ్వా. నేను మోసుకొచ్చినవాణ్ణి నేనే పట్టుకుంటాను."

"నువ్వు పట్టుకుని కూర్చుంటే ఇక్కడ విత్తేదెవరు, వీడి చావు ఎక్కడుందో వెతికేదెవరు? వాన దిగుతోంది, పోండి. నాకు గంజి పంపించండి చాలు. ఎడం చేత్తో తాగుతాను."

"ఎన్నాళ్ళు పట్టుకోగలవు?"

"నాకేం తెలుసు? నువ్వు తొందరగా రా."

జయకేతుడు ఆమె పాదాలకు మొక్కాడు. ఒక్కొక్కరే రాళ్ళు ఎత్తుకుని, చాటలు తలకెత్తుకుని, ఆమెను దాటి పైకి కదిలారు. దాటేటప్పుడు ప్రతివాళ్ళూ ఆ పిడికిలి వంక చూసి తల తిప్పుకున్నారు. జయకేతుడు చివరిదాకా నిలబడ్డాడు. తరవాత వంగి, దారి పక్కన ఉన్న రాయి ఒకటి తీశాడు. ఈసారి ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు.

బొప్పడు ఆగి వెనక్కి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది దేనికి పనికొస్తుంది బావా?" అన్నాడు. "అడుగు వరసకు ఇంకా పెద్దది కావాలి."

జయకేతుడు ఆ రాయి దించి, దానికంటే పెద్దది ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.